పడవ ఎక్కకూడని మనుషులు

"మా ఇంటామె పున్నం ముందటనే ముట్టయి లేస్తది. మాతోని ఏం ఫికర్ లేదు," అన్నాడు కైలాసం, అరుగు మీద కూర్చుని చాయ్ సాసర్‌లో పోసుకుంటూ.

లోపల సత్తుపిండి విసురుతున్న చంద్రవ్వ చెయ్యి విసుర్రాయి మీదే ఆగిపోయింది. అరుగు మీద మొగుడొక్కడే లేడు. బట్టల దుకాణం లక్ష్మీరాజం ఉన్నాడు, బడిపంతులు రాయమల్లు ఉన్నాడు, పడవ భూమన్న మెట్టు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. వాళ్లందరికీ ఆమె ఎప్పుడు ముట్టవుతుందో, ఎప్పుడు లేస్తుందో, బస్సు ఎప్పుడొస్తుందో చెప్పినంత తేలిగ్గా చెప్పేశాడు. కైలాసం నోట్లో నువ్వుగింజ నానదని ఆయన పనిచేసే మంథని సమితి ఆఫీసులో అందరికీ తెలుసు. నానబెట్టాల్సిన గింజ ఏదో, కక్కాల్సింది ఏదో ఆయనకు తెలియదని ఆమెకొక్కదానికే తెలుసు.

సంగతేమిటంటే, వానలు వెనకబట్టాయి, గోదారి నిండుగా ఉన్నా నిమ్మళంగా ఉంది. మూడు సంసారాలు కలిసి భూమన్న తెరచాప పడవను మొత్తంగా మాట్లాడుకుని, నది నడుమనున్న గడ్డల మీద ఒక్కో పూట దిగుతూ, వండుకు తింటూ, కాళేశ్వరం దాకా పోయి దేవుణ్ణి చూసి రావాలని కైలాసం పుట్టించిన ఆలోచన. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పడవ ఖాయం కాకముందే ఏ గడ్డ మీద ఏం తినాలో ఖాయమైంది. మొదటి గడ్డ మీద చేపల పులుసు. కొంగలు వాలే గడ్డ మీద కోడికూర, గారెలు. దేవుడి దగ్గరికి చేరేముందు పప్పుచారు. ఎవరు వండుతారని మాత్రం ఎవరూ అడగలేదు. అంతా "కైలాసం ఇంటామె చేతి వంట" అంటున్నారు, ఆమెకు మొగుడి పేరే తప్ప సొంత పేరు లేనట్టు.

భూమన్నది ఒకే షరతు. "ముట్టయినామెను, కడుపుతోనున్నామెను ఎక్కించుకోను సారూ. గంగమ్మ తల్లికి మొక్కి చాప ఎత్తేటోన్ని. చెప్పకుంట ఎక్కితె ఏ గడ్డ వస్తె ఆ గడ్డ మీదనే దింపుత, మల్ల నన్ననొద్దు." అందుకే మగవాళ్లు అరుగెక్కి, చాయ్ తాగుతూ, ముగ్గురు ఆడవాళ్ల ఒంటి సంగతులు లెక్కగట్టి మంచిరోజు చూశారు. పున్నమి దాటిన రెండోనాడు బయలుదేరాలని తేల్చారు.

చంద్రవ్వ మళ్లీ విసుర్రాయి తిప్పింది. పిండి రాలుతోంది గానీ ఆమె కంటికి కనబడటం లేదు. ఆ తర్వాత మొగుడు చెప్పిన రోజులు వచ్చాయి, పోయాయి కూడా. ఆమెకు ముట్టు కాలేదు.

భయమేసింది. మామూలు భయం కాదు. పొయ్యి ముందు కూర్చున్నా చేతులు చల్లబడే భయం. రోజుకు పదిసార్లు దొడ్లోకి పోయి చూసుకుని, ఏమీ లేక, మొహం కడుక్కుని వచ్చేది. నడుము నొస్తే సంబరపడేది. ఆ నొప్పి పోతే మళ్లీ దొడ్లోకి పోయేది. ఆడదాన్ని పుట్టించిన దేవుడా, ఏ బట్ట చూసి నెలనెలా దొడ్లో కొట్టానికి జరిగిపోయేదాన్నో ఆ బట్ట కోసమే నీకు మొక్కే గతి పట్టించావా అనుకుంది. చిన్నోడు ఇంకా కొంగు పట్టుకునే నడుస్తున్నాడు. వాణ్ణి కన్నప్పుడు మంత్రసాని దేవవ్వ చేతులెత్తేస్తే, ఎడ్లబండిలో కొంత దూరం, బస్సులో కొంత దూరం కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయారు. రక్తం ఆగలేదని, మూడుసార్లు చీర మార్చారని తర్వాత ఎవరో చెప్పారు. ఆ రక్తపు చీరలన్నీ దవాఖాన నల్లా కింద పిండింది అత్త బాలవ్వ. ఆ సంగతి గురించి బాలవ్వ ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు.

డాక్టరమ్మ మాత్రం మొగుడినీ అత్తనూ ఎదుట నిలబెట్టి చెప్పింది. "ఇంకో కాన్పంటే ఈమె దక్కదు. ఆపరేషన్ మీరు చేయించుకోండయ్యా, మగవాళ్లకు చాలా చిన్న పని. ఒకవేళ నెల తప్పితే దాచకుండా వెంటనే తీసుకురండి. ఆలస్యమైతే నా చేతుల్లో ఏమీ ఉండదు." కైలాసం అక్కడ తలూపాడు. బస్సెక్కగానే, "డాక్టర్లు గట్లనే భయపెడ్తరు. మొగోడు ఆపరేషన్ చేపిచ్చుకుంటె సమితిల నలుగురు నవ్వరా? మా అవ్వ కనలేదా గంపెడు మందిని?" అన్నాడు. ఆ గంపలో మిగిలింది తానొక్కడేనన్నది ఆయనకు గుర్తు రాలేదు.

ఇప్పుడు ఆయనకూ రంది పట్టుకుంది. పొద్దున పళ్లు తోముకుంటూ అడిగేవాడు, ఆఫీసు నుంచి రాగానే అడిగేవాడు. "అయినవా?" "కాలే." "ఎప్పుడైతవు మల్ల? దినం తప్పితె పడవ తప్పుతది, ఆలోచించు." తన చేతిలో ఉన్న పనిని కావాలని సాగదీస్తున్నట్టు ఆయన కసిరేవాడు. ఒకరోజు అన్నం తింటూ, ఏదో తట్టినట్టు తలెత్తి నవ్వాడు. "కడుపయిందేమో! అయితె అయిందిగని, భూమన్నకు చెప్పకు. తిరిగొచ్చినంక అందరికి చెప్పుకుందాం. ఇప్పుడు చెప్తె వంటకు మనిషి ఉండదు, నా మాట పోతది."

"డాక్టరమ్మ ఏం చెప్పిందో..." అంది చంద్రవ్వ.

"అరె, మొదలు కాళేశ్వరం పోయి మొక్కుదాం. దేవుని కంటె డాక్టరమ్మ పెద్దదా? జర చారు పొయ్యి."

చారు పోసింది. కొంత పళ్లెం బయట పడితే, ఆయన "చూస్కోవద్దా" అన్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కడుపని చెబితే వారం తిరగకముందే మంథని అంతా తెలుస్తుంది. తెలిశాక అది తన కడుపు కాదు, కైలాసం కడుపు, బాలవ్వ మనవడి కడుపు. ఊరు కన్నేసి కాపలా కాస్తుంది. కరీంనగర్ బస్సు దగ్గరికి కూడా పోనియ్యరు. చెప్పకుండా పడవెక్కితే, పొగలో కూర్చుని గడ్డగడ్డకూ వండి, తిరిగొచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ఆలస్యమైతే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. పిల్లలు నిద్రపోతుంటే వాళ్ల ముఖాలు చూసి, వీళ్లకు రేపు తల దువ్వేదెవరు అనుకుని, చంద్రవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అన్నిటికంటే ఆమెకు అత్త చూపుకు భయం. ముట్టు విషయంలో బాలవ్వ నిప్పు. కోడలు దూరం కూర్చున్నప్పుడు గాలికి కొంగు తగిలినా చాలు, చలికాలమైనా సరే, గోదారికి పోయి మునిగి వచ్చేది. అటువంటి మనిషి ఈ నెల దండెం మీద ముట్టు బట్టలు ఆరలేదని చూడకుండా ఉంటుందా? చూస్తోంది. ఏమీ అనడం లేదు. అనకపోవడమే చంద్రవ్వకు నిద్ర లేకుండా చేసింది.

బయలుదేరే రోజు పొద్దున, సత్తుపిండి డబ్బాలు, గారెల పప్పు, కారం, నూనె అన్నీ పడవకు చేరాక, చంద్రవ్వ చాప, చెంబు తీసుకుని దొడ్లో కొట్టంలోకి పోయి కూర్చుంది. అక్కణ్ణుంచే గొంతు పెంచి, అరుగు మీదున్న వాళ్లందరికీ వినబడేట్టు అంది.

"నేను ముట్టయిన. దూరమున్న."

జీవితంలో ఆమె గట్టిగా ఆడిన మొదటి అబద్ధం అది.

కైలాసం దొడ్లోకి ఉరికి వచ్చి, కొట్టానికి నాలుగడుగుల అవతలే ఆగిపోయాడు. "గియ్యాల్నే కావాల్నా నీకు? పున్నం ముందటనే అయితదని నలుగురికి చెప్పుకుంటి. నా ఇజ్జత్ తీస్తివి గదనే!" లక్ష్మీరాజం పెళ్లాం సత్తమ్మ అవతలి నుంచి, "ఆమె చేతుల ఉన్న పనానయ్యా అది? వంట మేం చేసుకుంటం గని, తియ్యి," అంది. "ముట్టయినామెను ఎక్కించుకోను సారూ, ముందే చెప్పిన," అన్నాడు భూమన్న. పిల్లలు నాయనమ్మతో పడవెక్కుతామని ఎగిరారు. కైలాసం పళ్లు నూరుతూ వెళ్లిపోయాడు. కోడికూర పోయినంత బాధ ఆయన ముఖంలో కనబడింది.

చంద్రవ్వ మోకాళ్ల మీద తల పెట్టుకుంది. వాళ్లు కదిలితే చాలు, బస్సు పట్టుకోవచ్చు. అంతలో కొట్టం ముందు నీడ పడింది.

బాలవ్వ. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టి, గంగమ్మకు కొట్టాల్సిన కొబ్బరికాయ చేతిలో పట్టుకుని ఉంది. అయిపోయింది, అందరి ముందూ అబద్ధం బయటపెడుతుంది అనుకుంది చంద్రవ్వ.

"అత్తా, దగ్గరికి రాకు, తగుల్త..." అని వెనక్కి జరిగింది.

బాలవ్వ ఆగలేదు. లోపలికి వచ్చి వంగి, కొబ్బరికాయ లేని చేతిని కోడలి తల మీద పెట్టింది. చెంపల మీదికి జారిన నీళ్లు తన అరచేత్తో తుడిచింది.

"బస్సు కాడ దేవవ్వ నిలబడ్డది. ఆమెను తోలుకపో. నేను పిల్లలను చూసుకుంట," అంది మెల్లగా. "జల్ది పో బిడ్డా. ఆ చీరలు మల్ల నాతోని పిండియ్యకు."

కొంగు సవరించుకుని వెళ్లిపోయింది. దవాఖానలో ఏమవుతుందో తెలియదు, తెలిస్తే మొగుడేం చేస్తాడో తెలియదు. అయినా చంద్రవ్వ లేచి నిలబడింది. దొడ్డి తలుపు సందులోంచి చూస్తే, మాట వినబడేంత దగ్గర్లోనే గోదారి రేవు కనబడుతుంది. తెరచాప గాలికి విచ్చుకుంటోంది. ఒడ్డున భూమన్న బాలవ్వకు అడ్డం నిలబడి అడుగుతున్నాడు.

"పెద్దవ్వా, కొట్టం దిక్కుకెల్లి వచ్చినవు. ఆమెను ముట్టుకోలే గదా? ముట్టుకుంటె ఒక్క మునుగు మునిగి ఎక్కు."

బాలవ్వ కొబ్బరికాయ అతని చేతిలో పెట్టి, మనవడిని చంకనెత్తుకుని, మునగకుండానే పడవెక్కింది.