నిండు కడుపులు

జింకల పార్కులో అది పదకొండో చావు. కాపలాదారు కళేబరాన్ని తోపుడుబండి మీద షెడ్డులోకి తెచ్చేసరికి పశువుల డాక్టరు చేతి తొడుగులు వేసుకుని సిద్ధంగా ఉంది. ఆమె అతని వదిన. ఈ ఉద్యోగం వేయించింది కూడా ఆవిడే.

కోసి, కడుపు తెరిచి చూసింది.

"జబ్బేం లేదు. కడుపునిండా ఆకే. అయినా ఇది ఆకలితో చచ్చిపోయింది."

"అదేంటి వదినా?"

"తిన్నది అరగలేదు. ఎందుకో నువ్వే చూడు. నా దగ్గరికి ఇవి చచ్చాకే కదా వస్తాయి!"

మర్నాడు పొద్దున్నే అతను ఒక ముసలి లేడి వెంట నడిచాడు. వానల్లేక గడ్డి మాడిపోయింది, చెట్లు మాత్రం నిగనిగలాడుతున్నాయి. లేడి ఒక చెట్టుకు నాలుగాకులు తుంపి వదిలేసింది. పక్కదానికి రెండే. మూడోదాన్ని వాసన చూసి వెనక్కి తగ్గింది. కాస్త మట్టి నాకి, కంచె దాకా వెళ్ళి ఆగిపోయింది.

అతను వెనక్కి తిరిగి ఉలిక్కిపడ్డాడు. మందంతా అక్కడే ఉంది. ఎప్పుడొచ్చాయో, చప్పుడే లేదు. తలలన్నీ కంచె అవతలికే తిరిగి ఉన్నాయి. ఒక్కటీ నెమరు వేయడం లేదు.

అతను ఒక ఆకు తెంపి నమిలాడు. వగరుకు నాలుక పిడచగట్టుకుపోయింది. కంచె సందులోంచి చెయ్యి చాపి అవతలి ఆకు నమిలాడు. అదే జాతి చెట్టు. చప్పగా ఉంది.

చెబితే వదినకు విషయం అర్థమైపోయింది.

"పదే పదే మేస్తే చెట్టు ఆకుల్లో వగరు పెంచేస్తుంది. ఆ వగరు ఎక్కువైతే తిన్నది అరగదు. గాలిలో పక్క చెట్టుకు కబురు పోతుంది, అదీ పెంచేస్తుంది. బయటైతే జింకలు చెట్టుకింత కొరికి, గాలికి ఎదురుగా దూరం వెళ్ళిపోతాయి. ఇక్కడ ఎటు పోతాయి?"

"అంటే చెట్లే చంపుతున్నాయా?"

"వాటి ప్రాణం అవి కాపాడుకుంటున్నాయి."

కంచె తెరుస్తామంటే పై అధికారి ఫోన్లో ఉత్తర్వు వచ్చేదాకా ఆగమన్నాడు. వదిన ఫోన్ పెట్టేసి, తీగలు కత్తిరించే కత్తెర అతని చేతిలో పెట్టింది.

"ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు."

కంచె తెగాక జింకలు పరుగెత్తలేదు. ఒకదాని వెనక ఒకటి, అతన్ని రాసుకుంటూ, బెదురన్నదే లేకుండా దాటిపోయాయి.

ఆ తర్వాత చావుల్లేవు. వదినను బదిలీ చేశారు. అతను మాత్రం ఖాళీ పార్కుకు కాపలాగా మిగిలాడు. ఒకరోజు అన్నం క్యారేజీ తెచ్చిన భార్య, చెట్ల మధ్య అతను మోచేతులు ఒంటికి అదిమిపెట్టుకుని నడవడం చూసి నవ్వింది.

"అలా ముడుచుకుపోతావేంటి?"

"మెల్లగా మాట్లాడు," అన్నాడతను. "కొమ్మలకి తగలకుండా రా."