తోకల్లేని పరిగెలు

ముసలాయన నెత్తిన తొట్టెడు చేపలు గుమ్మరించి సూపర్‌వైజర్ నవ్వాడు. పక్కనున్న ఫొటోగ్రాఫరూ నవ్వాడు. బండి డ్రైవరు నవ్వాలో వద్దో తెలియక దగ్గాడు.

పట్టపగలు, చెరువు గట్టున, పదిమంది చూస్తుండగా జరిగిందిది. డెబ్బై ఏళ్ల మనిషి. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ నీళ్లలో వల వేసుకుని బతికినవాడు. "మా చెరువులో ఈ దోమచేపలు వద్దు బాబూ" అని బండికి అడ్డం నిలబడ్డాడు. ఆయన చేసిన నేరం అంతే. సూపర్‌వైజర్ రొమ్ము మీద చెయ్యి వేసి నెడితే బురదలో వెల్లకిలా పడ్డాడు. "వద్దన్నావుగా, అయితే నువ్వే మింగు" అంటూ వాడు తొట్టి ఎత్తి మీద బోర్లించాడు. వేలెడైనా లేని బూడిదరంగు చేపలు ఆయన గడ్డంలో, చెవుల్లో, తెరిచిన నోట్లో కొట్టుకున్నాయి. ముసలాయన ఉమ్మాడు. మళ్లీ మళ్లీ ఉమ్మాడు.

ఆ తొట్టిని బండిలోంచి దించి సూపర్‌వైజర్ చేతికి అందించింది ఆ ముసలాయన చిన్న కోడలే.

ఆమె దోమల నిర్మూలన కాంట్రాక్టరు షెడ్డులో కూలీ. అక్కడ సిమెంటు తొట్లలో, దోమపిల్లల్ని తినే దోమచేపలను పెంచుతారు. బండ్లకెక్కించి చెరువు చెరువుకీ తిప్పి వదులుతారు. మొగుడు లారీల మీద దేశాలు తిరుగుతుంటాడు. ఈ పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. "మామా" అని అరవబోయి, కొంగు నోట్లో కుక్కుకుంది. మామ ఆమెను చూశాడు. చూసి, ఎవరో పరాయి మనిషైనట్టు తల తిప్పుకున్నాడు. తన వల్ల కోడలి పని పోకూడదని బురదలో పడి కూడా ఆలోచించాడు ఆయన. ఆ సంగతి అర్థమయ్యేసరికి ఆమెకు తన ఒళ్లే కంపు కొట్టింది.

సాయంత్రం ఇంటికి వెళ్లి మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంది. నీచు వాసన వదల్లేదు.

"ఎంత రుద్దినా పోదులే" అంది వదిన గుమ్మంలోంచి. మొగుడి అక్క. తండ్రి చేతిలోని వల ఇప్పుడు ఆమె చేతికొచ్చింది. "ఇటు రా. నీకో వింత చూపిస్తా."

వదిన వల విదిలించింది. ఒకప్పుడు ఆ వలలో బుట్టెడు పరిగెలు పడేవి, ఈ చెరువు చిట్టిచేపలు వెండి రేకుల్లా తళతళలాడేవి. ఇప్పుడు గుప్పెడు రాలాయి. ఒక్కదానికీ తోక సరిగ్గా లేదు. రెక్కలు పీకేసి ఉన్నాయి. కొరికిన చోట పుండు పడి తెల్లటి బూజు పట్టింది. అంత కుళ్లినా చావలేదు, నోళ్లు తెరిచి మూస్తున్నాయి.

"చూశావా? నీ తొట్లలో పుట్టిన పుణ్యమూర్తుల పని. గుడ్లు మింగాయి, కప్పపిల్లల్ని మింగాయి. మిగిలినవాటిని బతికుండగానే కొరుక్కుతింటున్నాయి. ఈ ఏడు వానలకి ఒక్క కప్ప అరవలేదు, గమనించావా?"

"దోమల కోసమంట వదినా..."

వదిన తన బుగ్గ మీద ఠపీమని కొట్టుకుంది. అరచెయ్యి తిప్పి చూపించింది. నెత్తుటి మరక. "ఇదేంటి మరి, కోకిల పిట్టా? కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట. దోమ పోలేదు, మా కూడు పోయింది."

మర్నాడు షెడ్డులో అన్నాల వేళ చిన్న కోడలు ఇదంతా చెప్పింది. పదకొండుమంది ఆడవాళ్లు విన్నారు. అందరికంటే ముందు గయ్యిమంది పెద్దక్క. షెడ్డులో పాత కాపు ఆమే. కాలనీలో మురుగుకాలువ పక్కన ఆమె ఇల్లు.

"కిందటేడు నా మనవరాలు జ్వరంతో చచ్చి బతికింది. చేపలొద్దంటే దోమల్ని ముద్దుపెట్టుకోమంటావా? మీ వలలు నిండితే చాలా మీకు?"

"మా వలల సంగతి కాదక్కా."

"మరెవరి సంగతి? నీ మాట నమ్మను. ఆ కాంట్రాక్టరు మాటా నమ్మను. నా కళ్లతో చూస్తే నమ్ముతా."

చూద్దామన్నారు. వదిన చెరువు మూలల్లో గాలించి ఇంకా చెక్కుచెదరని పరిగెలు కొన్ని తెచ్చింది. పెద్దక్క కాలువలోంచి డబ్బాతో దోమపిల్లల్ని ముంచుకొచ్చింది. షెడ్డు వెనక బండికెక్కించే తొట్లు మూడు పెట్టారు. ఒకదాంట్లో పరిగెలు, ఒకదాంట్లో దోమచేపలు, మూడోదాంట్లో రెండూ కలిపి. మూడింట్లోనూ దోమపిల్లల్ని సమానంగా పోశారు.

రెండో రోజు అన్నాల వేళ మూతలు తీశారు. మొదటి తొట్టిలో దోమపిల్ల ఒక్కటి లేదు. రెండోదాంట్లోనూ లేదు.

"అమ్మదొంగా!" అంది పెద్దక్క. "పరిగె కూడా తింటుందే! ఇన్నాళ్లూ ఊరికే మన దోమల్ని తిన్నదాన్ని చంపి, ఈ కొత్త అల్లుడికి పీట వేశామా?"

మూడో తొట్టి మూత తీశారు. పరిగెలు పక్కకు ఒరిగి తేలుతున్నాయి. తోకలున్న చోట ఎర్రటి మొండి కొనలు. దోమచేపలు గుంపుగా మూగి అక్కడే ఇంకా పొడుస్తున్నాయి. అదే గుంపులో కడుపు నల్లబడ్డ చేపొకటి పిల్లల్ని కంటోంది. ఈ చేప గుడ్డు పెట్టదు, పిల్లనే కంటుంది. కన్న పిల్ల బెత్తెడు దూరం ఈదకముందే తల్లి వెనక్కి తిరిగి గుటుక్కున మింగేసింది. రోజూ వాళ్లు చూసేదే. ఆ రోజు మాత్రం ఒకామె చేతిలో ముద్ద గిన్నెలో పడేసి లేచిపోయింది.

పెద్దక్క మూత మళ్లీ బిగించింది. "అయితే నా మనవరాల్ని కుట్టిన దోమ ఎక్కడిది?"

"నువ్వే తెచ్చావుగా డబ్బాతో" అంది చిన్న కోడలు.

వినండి, ఇక్కడే అసలు కిటుకంతా ఉంది. కాలువ పూడిక తీయాలంటే మనుషులు దిగాలి, యంత్రాలు రావాలి, ఏడాది పొడుగునా పని జరగాలి. చెరువులో చేపలు వదలాలంటే ఒక బండి, ఒక ఫొటో చాలు. కాలువలో చెత్తా బురదా గట్టిపడి చేప ఈదే నీళ్లే లేవు. అందుకే దోమలు ఒకచోట పుడుతుంటే చేపల్ని ఇంకోచోట పోస్తున్నారు.

మూడు తొట్లూ నెత్తిన పెట్టుకుని ఆరోగ్యాధికారి ఆఫీసుకి వెళ్లారు. షెడ్డువాళ్లూ చెరువువాళ్లూ కలిసి నలభైమంది. అధికారి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. కాంట్రాక్టరు ఆయన పక్కనే కుర్చీలో ఉన్నాడు, వెనక సూపర్‌వైజర్.

"మీలో చదువుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు అధికారి.

"చదువుకున్నోళ్లు చూస్తారనే తెచ్చాం సార్" అంది వదిన.

"కాలువ నా ఒప్పందంలో లేదు" అన్నాడు కాంట్రాక్టరు.

"దోమ నీ ఒప్పందం చదువుకుని పుడుతుందా?" అంది పెద్దక్క.

గది ఘొల్లుమంది. అధికారి మొహం మాడిపోయింది. "ఈ కంపు బయట పారబొయ్యి" అని బంట్రోతుకి సైగ చేశాడు. మూడో తొట్టి వరండా గచ్చు మీద ఒలికింది. పెద్దక్క వంగి తోకల్లేని పరిగెల్ని ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. ఆమె నడుము ఎత్తేసరికి షెడ్డు ఆడవాళ్లు పన్నెండుమందినీ పని నుంచి తీసేశామని సూపర్‌వైజర్ చెప్పేశాడు.

"మంచిది. ఇకనుంచి తీరికే తీరిక" అంది ఆమె.

మూడోనాడు పొద్దున్నే కాంట్రాక్టరు ఎక్కడినుంచో కూలీల్ని తెచ్చి మూడు బండ్లు నింపించాడు. పోలీసుల్ని వెంటేసుకుని చెరువుకొచ్చాడు. ఫొటో కోసం అధికారీ వచ్చాడు. బండి నీళ్లలోకి దిగే చోట చెరువు జనం మోకాలి లోతున వరసగా నిలబడి ఉన్నారు. ముసలాయన మధ్యలో ఉన్నాడు. ఆయన పక్కన, అందరికీ కనబడేలా, ఆయన చెయ్యి పట్టుకుని చిన్న కోడలు.

"నువ్వా!" అన్నాడు సూపర్‌వైజర్. "తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"ఈ చెరువే నేను తిన్న ఇల్లు. మీది నా చేత తప్పుడు పని చేయించిన చోటు" అంది ఆమె. ఆమె గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. "ఈ చేతుల్తో ఎన్ని చెరువులు పాడుచేశానో నాకు తెలుసు. ఇంకొక్కటి చెయ్యను."

లాఠీలు లేచాయి. సరిగ్గా అప్పుడే గట్టు వెనకనుంచి గుప్పుమని కంపు వచ్చింది. పోలీసులే ముందు ముక్కులు మూసుకున్నారు.

పెద్దక్క వెంట కాలనీ జనం. రెండు రోజులుగా వాళ్లు కాలువలోకి దిగి పారలతో పూడిక తీస్తున్నారు. చేపలవాళ్లని గుమ్మం ఎక్కనివ్వనివాళ్లూ ఉన్నారు ఆ గుంపులో. ఒక్కొక్కరి నెత్తినా ఒక తట్ట. కుళ్లిన గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు, ఉబ్బిన ఎలుక, నల్లటి జిగురు. ఆ జిగురులో లక్షల దోమపిల్లలు కదులుతున్నాయి. అన్నీ తెచ్చి అధికారి బూట్ల ముందు కుమ్మరించారు.

పెద్దక్క ఆ గుట్టలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి పైకెత్తింది. వేళ్ల సందుల్లోంచి జిగురు కారుతోంది. "పొయ్యండి సార్ మీ చేపల్ని, ఇక్కడ పొయ్యండి! దోమల పుట్టిల్లు ఇది. ఫొటో తీయించుకోండి!"

అధికారి రెండడుగులు వెనక్కి వేసి, బండి చక్రం పట్టుకుని భళ్లున కక్కుకున్నాడు. గట్టు మీద రెండువందల మంది చూశారు. ఆ ఫొటో మాత్రం ఎవరూ తీయలేదు.

ఆ మీదట దెబ్బలు పడ్డాయి. వదిన నుదురు చిట్లింది. చేతులు విడిపించలేక పోలీసులు వరసని వరసగానే ఈడ్చారు. చిన్న కోడలితో, పెద్దక్కతో కలిపి తొమ్మిదిమందిని పోలీసు బండెక్కించారు. చేపల బండ్లు మూడూ తెచ్చిన సరుకుతోనే వెనక్కి మళ్లాయి. దోమల నిర్మూలనని అడ్డుకుని రోగాలు వ్యాపింపజేస్తున్నారని కేసు రాశారు. స్టేషన్లో ఆ మాట చదివి వినిపిస్తుంటే రాసే పోలీసాయన మెడ మీద దోమ కుట్టింది. ఆయన కొట్టుకున్నాడు. పెద్దక్క నవ్వాపుకోలేక ఇంకో రెండు దెబ్బలు తింది.

మధ్యాహ్నం ముసలాయన స్టేషన్ కిటికీ దగ్గరికి వచ్చాడు. బట్టలకి బురద ఆరనేలేదు.

"అమ్మాయ్, రేపు బండ్లు పై చెరువుకి పోతాయంట. అక్కడి జనం మనల్ని రమ్మన్నారు. కాలనీవాళ్లు కూడా వస్తామన్నారు. ఏం చెయ్యమంటావు?"

కోడలు ఊచల దగ్గరికి జరిగింది. ఇన్నేళ్లలో మామ ఆమెని ఒక మాట అడగడం అదే మొదలు.

"తెల్లారకముందే పొండి మామా. పైవరస తొట్లు ఖాళీగా ఉంచి చూపించి, ఏమీ లేవంటారు. నమ్మకండి. చేపలు కిందవరసలో ఉంటాయి, టార్పాలిన్ పట్టా కప్పేస్తారు. నేనే సర్దేదాన్ని, నాకు తెలుసు. పట్టా పూర్తిగా లాగి చూడండి."