చేతివేగం టార్మో

టార్మో తను రాసుకున్న చిన్న ప్రోగ్రాంని నొక్కి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు. ఐదు సెకన్లు ఆగి అది మొదలైంది. ఊరివాళ్లు పంపిన నీటి మీటరు అంకెల్ని పట్టికలోంచి తీసుకుని, ఎవరో కీబోర్డు మీద కొడుతున్నట్టే పాత సాఫ్ట్‌వేర్‌లో నింపుకుంటూ పోతోంది. అంకె, ట్యాబ్, ఎంటర్. కొట్టేది మనిషో కాదో ఆ ముసలి సాఫ్ట్‌వేర్‌కి పట్టదు. తెరమీద ఏ కిటికీ ముందుంటే అక్షరాలు అందులోకే పోతాయి.

పొడుగ్గా, వంగిన భుజాలతో, మోచేతుల దగ్గర అరిగిన స్వెట్టరుతో తిరిగే ఈ యాభై ఎనిమిదేళ్ల మనిషిని ఫిన్లాండులోని ఆ చిన్న ఊరి నీటి సరఫరా ఆఫీసులో 'చేతివేగం టార్మో' అంటారు. తొమ్మిదేళ్ల కిందట పై అధికారి ఔలిస్ అతని పని చూసి, "టార్మోకి అయ్యేది నీకెందుకు కాదు?" అని పక్క గదిలో ఇదే పని చేసే ఇర్యాకీ రోజుకి అన్నే మీటర్లు నింపాలని పెట్టాడు. అప్పుడే నోరు విప్పాల్సింది. మెచ్చుకోలు తియ్యగా ఉండి ఊరుకున్నాడు. ఇర్యా మాత్రం సొంత వేళ్లతో కొట్టింది. మణికట్లు రెండూ పాడయ్యాయి. డాక్టరు ఇక వద్దనడంతో ఇవాళ ఉద్యోగం మానేస్తోంది. ఆమె వెళ్లేలోగా నిజం చెప్పేయాలని టార్మో పొద్దున్నుంచీ అనుకుంటున్నాడు. అనుకోవడంలో అతనంత చురుకైనవాడు లేడు.

రెండింటికి మళ్లీ ప్రోగ్రాం నొక్కాడు. ఆ ఐదు సెకన్లలోనే తెరమీద ఇర్యా సందేశం వచ్చింది: "కేకు సిద్ధం. రా." గబగబా "వస్తున్నా" అని కొట్టి, ఆ కిటికీ అలాగే ముందుంచి లేచాడు.

వెళ్లిపోయేవాళ్లే కేకు తేవడం అక్కడి రివాజు. ఇర్యా బల్ల పక్కన అందరూ మూగారు. ఆమెకి కత్తి పట్టు నిలవక ఔలిస్ కోస్తున్నాడు.

"ఇర్యా వెళ్లిపోయాక నీకు పోటీ ఎవరోయ్, టార్మో?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఇర్యా కంప్యూటరు టింగుమంది. మళ్లీ టింగుమంది. ఇక ఆగలేదు. ఆమె తల తిప్పి చూసింది. "వస్తున్నా" కింద వరసగా 412, 1087, 96. ప్రతి అంకె పక్కనా టార్మో పేరు. అతని చేతుల వంక చూసింది. ఒకదాంట్లో కప్పు, ఒకదాంట్లో పళ్లెం.

"ఎన్నాళ్లుగా?" అంది మెల్లగా.

"పదేళ్లు. చెబుదామనే అనుకున్నా, ఇర్యా..."

"ఎప్పుడు? కేకు తిన్నాకా?"

"ఏంటది? మాకూ చెప్పండి," అన్నాడు ఔలిస్, వేలికంటిన క్రీము నాకుతూ.

"ఏం లేదు. టార్మో నాకు వీడ్కోలు చెబుతున్నాడు," అని ఇర్యా తెర ఆపేసింది.

తన పరువు ఆమె కాపాడిందని తెలిసి టార్మోకి తల కొట్టేసినట్టయింది. ఇప్పుడైనా ఔలిస్‌తో చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కేకు తిన్నాడు.

నాలుగింటికి ఇర్యా అందరికీ చెప్పి వెళ్లిపోయింది. ఆ సమయానికి టార్మో పాత మీటర్ల గదిలో పనేమీ లేకుండా నిలబడి ఉన్నాడు. బయట తలుపు మూసుకున్న చప్పుడు విన్నాకే తన బల్ల దగ్గరికి వచ్చాడు. కీబోర్డు ముందు, చేతులు ఆనే చోట, ఇర్యా మణికట్ల కింద పెట్టుకునే మెత్త ఉంది, నల్లగా అరిగి, రెండు చోట్ల గుంటలు పడి.