ఏడు గుంటలు

మా అమ్మాయిని ఇంట్లో గడియారం అంటాం. తొమ్మిదేళ్ళ పిల్ల, నిమిషం అటూ ఇటూ అయితే ఊరుకోదు. జూలో కొత్త ఎలుగు ఆవరణ తెరిచే రోజున ఏం చేయాలో కాగితం మీద రాసి, నెలన్నర కిందటే వంటింటి తలుపుకి అంటించింది. ఎనిమిదీ ఇరవైకి టిఫిను, తొమ్మిదికి బస్సు, తొమ్మిదీ నలభైకి గేటు, పదింటికి ఎలుగు. ఇంత చలిలో ఎందుకే, ఎండలు వచ్చాక వెళ్దాం అన్నందుకు నాకే పాఠం చెప్పింది. ఎలుగుకి ఒంటినిండా బొచ్చు కాబట్టి ఎండల్లో నీడన పడి నిద్రపోతుందట, చలి ఉంటేనే ఆడుతుందట. ఇక దానితో వాదించే ఓపిక నాకు లేకపోయింది.

ఆ ఎలుగు ఆవరణకి వెనక గోడలా కట్టిన కొండ మాదే. అంటే నాదీ, మా తమ్ముడిదీ. ఇనుప చట్రానికి వల బిగించి, దాని మీద సిమెంటు మెత్తి, తడి ఆరకముందే నిజం రాయిలా చెక్కి, రంగు వేస్తాం. పదకొండేళ్ళుగా ఇద్దరం కలిసి అదే పని చేస్తున్నాం. జూ వాళ్ళు ఆవరణ ఎదురుగా స్తంభానికి కెమెరా పెట్టి, రోజూ పొద్దున తొమ్మిదింటికి ఒక ఫొటో తీసి తమ వెబ్‌సైటులో పెట్టేవారు. మా గడియారం ఆ ఫొటోలన్నీ వాళ్ళ నాన్న పాత ఫోనులో దాచుకుంది. ఇనుప చువ్వల దగ్గర్నుంచి ఆఖరి రంగు దాకా కొండ ఎలా లేచిందో నాకంటే దానికే బాగా తెలుసు.

పనిలో మాకొక పద్ధతి ఉంది. నిచ్చెన ఆనిస్తే చెక్కిన గోడ గీసుకుపోతుంది కాబట్టి, ఎక్కడానికి కాలు పట్టేంత గుంటలు సిమెంటులోనే చేసుకుంటాం. పనంతా అయ్యాక, ఆఖరిసారి దిగేటప్పుడు, పైనుంచి ఒక్కో గుంటా పూడ్చుకుంటూ దిగాలి. ఎవరి గుంటలు వాళ్ళే పూడ్చుకోవాలి, ఇంకొకరివి ముట్టుకోకూడదు. ఆ మనిషికి పైన ఇంకా పని ఉందేమో మనకేం తెలుసు? అట్టడుగు గుంట మనిషి తల కంటే పైన ఉంటుంది. దాన్ని వదిలేటప్పుడు కింద ఉన్నవాళ్ళ భుజం మీద కాలు పెట్టి, అక్కణ్ణుంచి దాన్నీ పూడ్చేసి దిగుతాం. ఇదంతా మా తమ్ముడికి నేర్పింది నేనే.

నాకు ముక్కు మీదే కోపం. దాచుకోవాల్సిన పనేం లేదు, అందరికీ తెలిసిందే. ఐదు వారాల కిందట కొండ పైభాగానికి రంగు వేస్తుంటే, నేను కలిపిన రంగు మరీ ఎర్రగా ఉందన్నాడు తమ్ముడు. ఉండనీ అన్నాను. "అక్కకి కళ్ళద్దాలు కొనాలిరోయ్" అని కింద ఉన్న రంగుల వాళ్ళకి వినబడేలా అరిచాడు. వాళ్ళంతా పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రంగుల వాళ్ళని పైకీ కిందికీ మోసే లిఫ్టు తొట్టెని పక్కకి పిలిచి, అందులో ఎక్కి, వాడి మొహమైనా చూడకుండా కిందికి దిగిపోయాను. మర్నాడు నన్ను నీళ్ళ మడుగు అంచులు చెక్కమన్నారు, అదే పనిలో పడిపోయాను. ఆ రోజు నుంచి వాడితో మాటల్లేవు. వాడే వచ్చి మాట్లాడాలని నా పంతం.

ఆవరణ తెరిచే రోజు పొద్దున నేను స్వెట్టరు గుండీలు పెట్టుకుంటుంటే గడియారం ఫోను పట్టుకుని వచ్చింది.

"అమ్మా, ఎలుగు మెట్లెక్కుతుంటే మనకి గాజు దగ్గర్నుంచి కనిపిస్తుందా, పక్కకి వెళ్ళాలా?"

"ఏ మెట్లే?"

"నువ్వు పెట్టినవే. మామయ్యవైపు మెట్లు తీసేశారుగా. నీవైపు ఏడున్నాయి. పదీ పదికి ఎలుగు మెట్లెక్కడం అని రాసుకున్నా."

ఫోను లాక్కున్నాను. నిన్నటి ఫొటో అది. చలికాలం ఎండ ఏటవాలుగా పడి, కొండ కుడివైపు మూలలో ఒకదాని కింద ఒకటి ఏడు నల్లటి చుక్కలు. రంగు వాటి మీదుగానే వేసేశారు. మామూలుగా చూస్తే కనబడవు, జనం నిలబడే గాజు వైపు నుంచైతే మూల ఉబ్బెత్తు అడ్డం. ఆ ఎండకి, ఆ స్తంభం మీది కెమెరాకి మాత్రమే దొరికాయి. ఒక్కో రోజు వెనక్కి జరుపుతూ చూశాను. ఎడమవైపు తమ్ముడి గుంటలు ఒకే రోజున మాయమయ్యాయి. నావి ప్రతి ఫొటోలోనూ ఉన్నాయి.

ఆ లిఫ్టు తొట్టెలో దిగినవాళ్ళు గుంటలు పూడ్చరు కదా. ఏడో గుంట మీద నిలబడి చెయ్యి చాపితే గోడ అంచు అందుతుంది. అంచు అవతల జనం నడిచే దారి. ఎలుగు రెండు కాళ్ళ మీద లేస్తే అట్టడుగు గుంట దానికి సులువుగా అందుతుంది. ఇంత తెలిసి కూడా, మొదట నా బుద్ధి తమ్ముడి మీదికే పోయింది. పక్కనే ఉన్నవాడు చూసి చెప్పొద్దా అనుకున్నాను. సిగ్గులేని బుద్ధి.

సైట్ ఇంజనీరుకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. జూ టికెట్ల నంబరుకి చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని యంత్రం మాట్లాడింది తప్ప మనిషి రాలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తాను. తొమ్మిది గంటల బస్సు తొమ్మిదీ నాలుగుకి వచ్చింది.

"నాలుగు నిమిషాలు లేటు," అంది గడియారం.

బస్సులో నిలబడి ఇంజనీరుకి మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉన్నాను. ప్రతి సిగ్నలు దగ్గరా బస్సు ఆగింది. తమ్ముడి నంబరు తెర మీదికి వచ్చింది, వేలు దానిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఏ మొహం పెట్టుకుని చేయను? గడియారం నా వైపు చూసి, "అమ్మా, అవి మెట్లు కావా?" అని అడిగింది. కావు అన్నాను. ఆ తర్వాత అది మధ్యమధ్యలో టైము మాత్రం చెబుతూ వచ్చింది.

గేటు దగ్గరికి చేరేసరికి తొమ్మిదీ నలభై ఎనిమిది. చలికి ముడుచుకుంటూ వందలమంది వరసలో ఉన్నారు. సగం పిల్లలే. ముందుకి వెళ్ళి గేటు మనిషికి చెప్పాను.

"కొండలో గుంటలున్నాయి, ఎలుగుని వదలొద్దని లోపల చెప్పండి."

"లైన్లో రండమ్మా. పొద్దుట్నుంచి ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతున్నారు."

వాడితో పెట్టుకుంటే పదవుతుంది. వెనకవైపు పనివాళ్ళ గేటుకి పరుగు తీశాను. అక్కడి కాపలా మనిషి నన్ను గుర్తుపట్టి, ఏంటక్కా పండగలా తయారై వచ్చావు అని ఏదో అంటూనే ఉన్నాడు. ఆగలేదు.

ఇంజనీరు కొత్త కోటు వేసుకుని, ఎలుగు గదులకి వెళ్ళే తలుపు దగ్గర అతిథులతో మాట్లాడుతున్నాడు. నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

"గుంటలేంటమ్మా? తనిఖీ అయిపోయింది. పూడ్చినట్టు మీ తమ్ముడు సంతకం పెట్టాడు, కాగితం నా దగ్గరుంది."

"వాడు పెట్టినా సరే. నావి ఏడు ఉండిపోయాయి."

"అంటే మీ తమ్ముడు చూడకుండా పెట్టాడా?"

అప్పుడు ఊ అంటే చాలు, తప్పు మొత్తం వాడి నెత్తి మీదికి పోతుంది. సంతకం వాడిదే కదా. అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు, నోరు మూసుకుంటే సరిపోతుంది.

"అమ్మా, తొమ్మిదీ యాభై ఏడు," అంది గడియారం.

ఇంజనీరుకి సమాధానం చెప్పకుండా అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళిపోయాను. సన్నటి దారి. చివర ఎలుగుని చూసుకునే పెద్దాయన ఇనుప తలుపు లాగే పిడి మీద చెయ్యేసి, గోడ గడియారం వైపు చూస్తున్నాడు. తలుపు అవతల ఎలుగు గోళ్ళతో రేకుని గీకుతోంది. అంత దగ్గరగా ఆ చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

"తీయకండి," అన్నాను. గడియారం నా చేతికింద నుంచి దూరి ముందుకెళ్ళి, ఆయనకి ఫోను చూపించింది.

"ఇది నిన్నటిది. ఇది మొన్నటిది. చుక్కలు చూడండి తాతగారూ. అమ్మ వీటి మీద కాళ్ళు పెట్టి పైదాకా ఎక్కేది."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, ఫోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. వేలితో ఒక్కోటీ లెక్కపెట్టాడు. పైన చుక్కకీ గోడ అంచుకీ మధ్య వేలు ఆపి, కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత పిడి మీంచి చెయ్యి తీసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"నేను తీయను," అన్నాడు వెనకే వచ్చిన ఇంజనీరుతో. "ఎవరొచ్చి చెప్పినా తీయను."

ఇంజనీరు మొహం ఎర్రబడింది. "బయట అంతమంది ఉన్నారు. ఇప్పుడు వాళ్ళకేం చెప్పమంటారు? ఎవరి నిర్వాకం ఇది?"

"నాది," అన్నాను. "గుంటలు నావి. కోపంలో లిఫ్టులో దిగిపోయి, పూడ్చడం మర్చిపోయాను. మా తమ్ముడిది తప్పు లేదు. కావాలంటే రాసిస్తాను."

రాయించుకున్నాడు కూడా. నేను సంతకం పెడుతుంటే బయట మైకులో చెబుతున్నారు, ఈ రోజు ఎలుగుని వదలడం లేదని. ఒక్కసారిగా గోల లేచింది. ఎవరో చిన్నపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఎవరిని తిడుతున్నారో వాళ్ళకి తెలియదు కానీ, ఆ తిట్లన్నీ నావే.

అప్పుడు తమ్ముడికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"సిమెంటు పట్టుకుని రా," అన్నాను.

"ఎంత?"

"ఏడు గుంటలకి."

అవతల బకెట్టు చప్పుడు వినబడింది.

"వస్తున్నా," అన్నాడు.

ముప్పావుగంటలో బకెట్టూ తాపీలూ తాడూ తెచ్చాడు. నేను చెప్పులు విడిచి, నడుముకి తాడు కట్టుకుని, వాడి భుజం మీద కాలు పెట్టి మొదటి గుంట అందుకున్నాను. సిమెంటు మంచులా ఉంది. పైదాకా ఎక్కి, ఒక్కో గుంటా పూడ్చి, వేళ్ళతో రాయిలా గీతలు దిద్దుకుంటూ దిగాను. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు కొంకర్లు పోయాయి. గాజు చివరకి జరిగి, ఇంటికి వెళ్ళకుండా ఆగిపోయిన జనం నన్నే చూస్తున్నారు. అట్టడుగు గుంటలో నిలబడి కాలు కిందికి చాపాను. తెలియదు, వాడు అక్కడ ఉన్నాడో లేదో.

"పెట్టు," అన్నాడు కిందనుంచి.

భుజం అందింది. ఆ గుంట పూడుస్తుంటే నాకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"చూడకుండా సంతకం ఎందుకు పెట్టావురా?" అని అడిగాను, కిందికి చూడకుండానే.

"నువ్వు గుంట వదిలేస్తావని నాకెందుకు అనిపిస్తుంది అక్కా?" అన్నాడు.

అది తిట్టు కాదు. తిట్టయి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

చలికి సిమెంటు గట్టిపడడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు పొద్దున మళ్ళీ ముగ్గురం వెళ్ళాం. గడియారం పాత కాగితంలో తేదీ కొట్టేసి కొత్తది వేసి, టిఫినూ బస్సూ గంటన్నర ముందుకి జరిపింది. పదీ పదికి రాసుకున్న ఎలుగు మెట్లెక్కడం కూడా కొట్టేసింది. ఇంజనీరు పూడ్చినట్టు కాగితం తెచ్చి తమ్ముడి ముందు పెట్టాడు. వాడు పెన్ను తీసుకోలేదు. గోనెసంచులు చుట్టిన నిచ్చెన తెచ్చి, కుడివైపు మూలలో ఆనించి ఎక్కాడు. ఒక్కో గుంట ఉన్నచోటా అరచేత్తో తడిమాడు, వేలి కణుపుతో కొట్టి విన్నాడు, గోటితో అంచు గీకి చూశాడు. తర్వాతే పై మెట్టు ఎక్కాడు.

పదకొండేళ్ళలో నా పని వెనక వాడు చెయ్యి పెట్టి చూడడం అదే మొదటిసారి. ఇంకో రోజైతే, నా మీద నమ్మకం లేదా అని అక్కడే కడిగేసేదాన్ని. ఆ మాట అడిగే నోరు నాకిప్పుడు లేదు.

తొమ్మిదైంది. స్తంభం మీద కెమెరా ఆ రోజు ఫొటో తీసుకుంది. మా గడియారం దాచుకున్నవాటిలో అదే ఆఖరిది. అందులో తమ్ముడు పైన గోడ తడుముతున్నాడు. నేను కింద, నిచ్చెన కదలకుండా రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను.