రేడియేటర్‌లో పసుపు

చీపురుపుల్లను రేడియేటర్ మూతిలోంచి పైకి తీసి ఈదయ్య వెలుతురుకు పట్టుకున్నాడు. పుల్లకు కట్టిన ఎర్రదారం ముడికి రెండు వేళ్ల కిందనే తడి ఆగిపోయింది. చొక్కా చేతి అంచుతో పుల్లను తుడిచి మళ్లీ ముంచాడు. మళ్లీ అంతే.

నిన్న పొద్దున తడి ముడిని తాకింది. మొన్నా తాకింది. పోయిన చలికాలం నుంచీ రోజూ తాకుతూనే ఉంది. ఈదయ్య పుల్లను పళ్ల మధ్య పెట్టుకుని కారు కిందికి వంగి చూశాడు. అక్కడ తెలిసేదేమీ లేదు. చిక్కడపల్లి గల్లీలో ఆ రెండంతస్తుల ఇంటి మెట్ల కింద కొళాయి పక్కనే కారు నిలుపుతారు. నేల ఏడాది పొడుగునా తడిగానే ఉంటుంది. ఏది కొళాయి నీరో ఏది కారు నీరో ఎవరూ చెప్పలేరు.

అది నీలంరంగు మారుతి. రంగు పోయిన చోట్ల బూడిదలా కనిపిస్తుంది. బానెట్ గొళ్లెం ఎప్పుడో అరిగిపోయింది. ముందునుంచి వేలు దూర్చినా లేస్తుంది. రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ డబ్బా పగిలిపోయాక మట్టం చూడాలంటే మూత తీసి పుల్ల ముంచడం ఒక్కటే దారి. అదీ పొద్దున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే. వేడిమీద తీస్తే ఏమవుతుందో ఈదయ్య ఎడమ మణికట్టు మీద ముడుచుకుపోయిన చర్మం చూస్తే తెలుస్తుంది.

అతను మక్తల్ పక్క పల్లెనుంచి భార్య ఆశమ్మతో కలిసి సిమెంటు తట్టలు మోయడానికి వచ్చినవాడు. ఈ ఇంటి పైఅంతస్తు కట్టినప్పుడు మోశాడు. పని అయిపోయి మిగతావాళ్లు వేరే చోటికి పోయినా, కారు కడగడానికి ఒకరు కావాలంటే అతను నిలిచిపోయాడు. కడిగిన కారు మీదనే నడపడం నేర్చుకున్నాడు. ఇంకో కారు నడపలేదు. ఇంటి యజమాని జగదీశ్వర్ కొడుకు ఉదయ్ కుమార్ ఒకసారి తన కొత్త కారులో కూర్చోబెట్టి తిప్పమన్నాడు. క్లచ్ లేని బండి. గల్లీ చివర వరకూ ఈదయ్య ఎడమకాలు ఆ లేని పెడల్ కోసం వెతుకుతూనే ఉంది. దిగాక ఉదయ్ నవ్వాడు. ఈదయ్య కూడా నవ్వాడు.

రేడియేటర్ కారడం మొదలయ్యాక, పచ్చటి కూలెంట్ పోయడం మానేసి ఉత్త నీళ్లే పోయడం మొదలయ్యాక, ఉదయ్ ఒక మాట అన్నాడు. రోడ్డు మీద ఒక్కసారి ఆగిపోతే చాలు, బండిని తుక్కుకు వేసేద్దామని. అతను కారు వైపు చూస్తూ అన్నాడు. ఈదయ్య తన చెప్పుల వైపు చూసుకుంటూ విన్నాడు.

పసుపు సంగతి చెప్పింది లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర ఒక లారీ డ్రైవర్. పిడికెడు పసుపు వేస్తే సన్నచిల్లులు పూడుకుంటాయన్నాడు. ఆశమ్మ డబ్బాలోంచి కాగితంలో కట్టుకొచ్చి వేశాడు. మొదట్లో నమ్మకం లేదు. వారం గడిచింది, తడి ముడి దగ్గరనుంచి కదల్లేదు. జగదీశ్వర్‌కు చెబితే ఆయన కళ్లజోడు తీసి, మూతి అంచున పసుపుపచ్చగా నిలిచిన నీళ్లు చూసి, మంచి పని చేశావన్నాడు. ఆ మాట ఈదయ్య ఎవరికీ చెప్పలేదు, ఆశమ్మకు కూడా. కానీ రాత్రి పడుకునే ముందు కొన్నాళ్లపాటు దాన్ని తలచుకున్నాడు. జీవితంలో అతను కట్టినవన్నీ ఇతరుల గోడలు. ఈ ఒక్క చిల్లు మాత్రం తను పూడ్చాడు.

ఇప్పుడు ముడికి రెండు వేళ్ల కింద.

నీళ్లు పోసి ముడి వరకూ తెచ్చాడు. అయినా మనసు ఒప్పలేదు. వంటింటి గుమ్మం దగ్గరకు వెళ్లి జగదీశ్వర్ భార్య రాజకుమారమ్మను జర పసుపు అడిగాడు. చెయ్యి తెగిందేమో అనుకుని ఆమె గిన్నెతోనే ఇచ్చి, ఆ వంకతో రోజుటి ఫిర్యాదు ఎత్తుకుంది. సార్ చొక్కా చేతుల అంచున మరక. సబ్బు పెడితే ఎర్రబడుతుందే గాని పోదు.

"నిజం చెప్పు ఈదయ్యా. అశోక్ నగర్ల బండి ఆపిచ్చి మిర్చీలు తింటున్నరా ఈయన?"

"ఏడా ఆపమనరమ్మా. షాపు, ఇల్లు, గంతే."

"నువ్వు గూడ ఆయన దిక్కే."

చిన్న పాలచెంబు కూడా చలికాలం నుంచి కనిపించడం లేదని, ఇంట్లో వస్తువులకు కాళ్లు వచ్చాయని గొణిగింది. ఈయనేమో రాత్రంతా నిద్రపోలేదు, గ్యాసని ఓమనీళ్లు తాగాడు, రోజూ తెల్లారకముందే లేచే మనిషి ఇవాళ ఇప్పటిదాకా మంచం దిగలేదు. ఈదయ్య తల ఊపుతూ గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. తన చొక్కా చేతులకు కూడా అలాంటి ఎర్రమరకలే ఉన్నాయి. మరకలు అందరి బట్టలకూ అవుతాయి. అతని ధ్యాస పసుపు మీద ఉంది.

గిన్నెలో సగం రేడియేటర్‌లో వంపాడు.

జగదీశ్వర్ వచ్చి ఎప్పటిలా ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక సీటు పుస్తకాల కట్టలకే. అశోక్ నగర్‌లో ఆయనకు పోటీపరీక్షల పుస్తకాల దుకాణం ఉంది. రోజూ నారాయణగూడ వెళ్లి బైండింగ్ షాపులో కుట్టిన కట్టలు ఎక్కించుకుని దుకాణానికి పోవడమే కారుకు ఉన్న పని. ఇద్దరూ దారిలో పెద్దగా మాట్లాడుకోరు. బైండింగ్ షాపు ముందు మెట్రో స్తంభం నీడలో కారు నిలిపి ఈదయ్య కట్టలు ఎత్తుతుంటే, జగదీశ్వర్ కూడా ఒక కట్ట అందుకోబోయి, మళ్లీ కింద పెట్టేసి, అరచేయి చొక్కాకు రాసుకుని సీట్లో కూర్చున్నాడు.

అశోక్ నగర్ మలుపులో బళ్లు ఆగిపోయాయి. ఏదో పరీక్ష నోటిఫికేషన్ పడినట్టుంది. కోచింగ్ సెంటర్ల ముందు పిల్లలు రోడ్డు సగం వరకూ నిలబడ్డారు. ఎండ బానెట్ మీద నిలువునా పడుతోంది. ఇంజన్ కిందనుంచి బియ్యం ఉడుకుతున్నట్టు చిన్న చప్పుడు మొదలైంది.

"ముల్లు లేస్తున్నది ఈదయ్యా."

"చూస్తున్న సార్. హీటర్ పెట్టమంటరా?"

"పెట్టు."

ఇంజన్ వేడిని లోపలికి లాగేస్తే వేడి చూపే మీటరు ముల్లు కొంత దిగుతుంది. పసుపుకు ముందు రోజుల్లో ఇది వాళ్లకు అలవాటే. నడివేసవిలో అద్దాలు దించుకుని, హీటర్ పూర్తిగా తిప్పి, మొహాల మీద వేడిగాలి కొడుతుండగా ఇద్దరూ ముందుకు చూస్తూ కూర్చునేవారు. పక్కన ఆగిన బైకుల వాళ్లు వింతగా చూసేవారు. ఈ ఏడాది ఇదే మొదటిసారి. ముల్లు ఎర్రగీత దగ్గర వణుకుతూ నిలిచింది. పొద్దున వేసిన పసుపు సన్నటి గొట్టాల్లో ముద్దకట్టి ఉంటుందని ఈదయ్యకు అప్పుడు తట్టింది. తట్టినా ఆ ఆలోచనను పక్కకు తోసేశాడు. రోడ్డు మీద ఆగకూడదు, అంతే. కాళ్లకింద వేడి పాదాలను కాలుస్తోంది. పక్కన జగదీశ్వర్ మెడ మీదినుంచి చెమట కాలర్‌లోకి కారుతోంది. చొక్కా మొత్తం ఒంటికి అంటుకుపోయింది. ఆయన ఎడమ భుజాన్ని మెల్లగా నొక్కుకుంటున్నాడు. హీటర్ వల్లనే అనుకున్నాడు ఈదయ్య.

"పసుపు పనిజేస్తలేదు సార్," అన్నాడు చివరికి. "పొద్దుగాల నీళ్లు తగ్గినయి."

జగదీశ్వర్ కిటికీలోంచి పిల్లల గుంపును చూశాడు.

"పసుపు మంచిగనే ఉన్నది. ఇయ్యాల ఎండ ఎక్కువున్నది."

గుంపు కదిలింది. ముల్లు దిగింది. కారు ఆగలేదు.

ఆ పగలు మిగతా పగళ్లలాగే గడిచింది. ఈదయ్య దుకాణం ఎదురు టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు. రెండు టీలు తాగాడు. ఒక పిల్లవాడు పుస్తకం మొహాన కప్పుకుని నిద్రపోవడం చూశాడు. దుకాణంలో జగదీశ్వర్ మామూలుగా చివరిదాకా ఉండేవాడు. ఇవాళ పొద్దు ఉండగానే బయటికి వచ్చి, గుమాస్తా స్వరూపకు తాళాలు ఇచ్చేశాడు. డాక్టరు దగ్గరికి పోదామా అని ఈదయ్య అడిగితే ఇంటికే పొమ్మన్నాడు. చల్లబడిన గాలికి కారు మంచిగానే నడిచింది.

మెట్ల కింద నిలిపాక జగదీశ్వర్ తలుపు తెరిచి, దాన్ని పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. ఇంట్లోకి పోయేవాడిలా లేడు.

"ఈదయ్యా, రేపటి సంది నీళ్లు నువ్వే చూసుకో."

"నేనే చూస్తున్న గద సార్."

ఆయన అతనివైపు చూసి కొద్దిగా నవ్వాడు. "అవు. నువ్వే," అన్నాడు. ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ పైకి వెళ్లాడు.

అడిక్‌మెట్ బస్తీలో రాత్రి అన్నం తింటూ ఈదయ్య ఆ మాట ఆశమ్మకు చెప్పాడు. ముసలితనం వస్తే చెప్పిందే చెబుతారని ఆమె అంది. నిజమే అనుకున్నాడు.

మరునాడు అతను వచ్చేసరికి గేటు దగ్గర చెప్పులు చాలా ఉన్నాయి. పైనుంచి ఆడవాళ్ల గొంతులు వినిపిస్తున్నాయి. ఉదయ్ కుమార్ మొహం కడుక్కోకుండానే కిందికి దిగాడు. నాన్న రాత్రి నిద్రలోనే పోయాడని, పక్కన పడుకున్న అమ్మకు కూడా తెలియలేదని చెప్పాడు. తర్వాత మెట్ల కింద చోటువైపు చూశాడు.

"నాన్నను ఈడనే కింద పండుకోబెట్టాలె. బండి బయటికి తియ్యి ఈదన్నా."

ఈదయ్య తల ఊపాడు. తాళం చేతిలోకి తీసుకున్నాడు. అయినా చెయ్యి అలవాటుగా బానెట్ కిందికే పోయింది. మట్టం చూడకుండా ఇంజన్ తిప్పడం అతనికి రాదు. మూత తీశాడు, పుల్ల ముంచాడు. నిన్న తను ముడి వరకూ నింపిన నీళ్లు. ఇప్పుడు తడి ముడికి మూడు వేళ్ల కింద ఉంది.

రాత్రికి రాత్రి చిల్లు పడలేదు. ఉన్న చిల్లు ఎప్పుడూ ఉన్నట్టే ఉంది.

కొళాయి తిప్పాడు. నీళ్లు రాలేదు. పైన ఇంటినిండా జనం వాడుతున్నారు. డబ్బా ఏదైనా ఉంటుందేమోనని మెట్ల కింద, తను ఎన్నడూ వంగి చూడని మూలకు వంగాడు. చివరి మెట్టు అడుగున, దుమ్ము పడకుండా ఒక పాత పుస్తకం అట్ట కప్పి, చిన్న పాలచెంబు ఉంది. నిండా నీళ్లున్నాయి. అట్ట తీసి చూశాడు. చెంబు మూతి ఒకవైపు, రేడియేటర్ అంచుకు ఆనేచోట, పసుపు ఎండి గీతగా పట్టింది.

ఈదయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తన చొక్కా చేతి అంచున, సార్ చొక్కాకు ఉన్నలాంటి ఎర్రమరక మీద చూపు పడింది. బొటనవేలితో దాన్ని రుద్దాడు.

"ఈదన్నా," అని ఉదయ్ మెట్ల మీదినుంచి పిలిచాడు.

"తీస్తున్న సార్."

చెంబులోని నీళ్లు రేడియేటర్‌లోకి వంపాడు. మెల్లగా, చుక్క బయట పడకుండా వంపాడు. తడి ముడిని తాకింది. మూత బిగించి, చెంబును దొరికిన చోటనే పెట్టి, కారును గల్లీలోకి నడిపించాడు. సాయంత్రానికి మళ్లీ ఎక్కడ నిలపాలని అడిగితే, ఉదయ్ అతని మొహం చూడకుండా, మళ్ల లోపలికి ఎందుకులే అన్నాడు.

మెట్ల కింద ఎవరో చాప పరిచారు. ఇంకెవరో నేల కడగడానికి బకెట్ తెచ్చి, అడ్డంగా ఉందని చెంబును గోడవైపు జరిపారు. తడినేల మీద కారు నిలిచినంత మేర సిమెంటు నల్లగా ఉంది. దాని అంచున ఖాళీ చెంబు, పసుపుగీత ఉన్న మూతి గోడవైపు తిరిగి ఉంది.