చెమటకాయలు

"చెమటకాయలు లేమ్మా. బస్సులో ఆ ఉక్కకు లేసినాయి. ఇంత గంధం పూసుకుంటే పోతాయి," అంది మా అత్త అనసూయమ్మ, పప్పుకి తాలింపు పెడుతున్న నా మెడ వైపు ఒక్కసారి చూసి.

ఆమె చూపు ఎక్కువసేపు నిలవలేదు. నిలిస్తే ఆ పేరు పెట్టలేకపోయేది. సరిగ్గా పదిహేను రోజుల క్రితం ఇవే నీటి పొక్కులు, ఇలాగే మెడ మీద మొదలై ఆమె కొడుకు, నా మొగుడు దినేష్‌కి లేచినప్పుడు ఆమె చెమటకాయలు అనలేదు. రెండు చేతులూ జోడించి, "అమ్మవారు వచ్చింది" అంది.

అమ్మవారు వచ్చిన ఇంటికి పద్ధతులుంటాయి. చందానగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లయినా పద్ధతులు పద్ధతులే. గుమ్మానికి వేపమండ కట్టారు. తాలింపు వాసన తల్లికి పడదని పదకొండు రోజులు చప్పిడి పప్పు, మజ్జిగ. దినేష్‌కి చాప మీద తెల్లటి పంచె పరిచి, దాని మీద లేత వేపాకులు. బాలానగర్ ఫ్యాక్టరీలో అతని పైఅధికారి ఆ మాట వినగానే ఫోన్లోనే దండం పెట్టి రెండు వారాలు సెలవిచ్చాడట. ఒంటి మీద తల్లి ఉన్నన్నాళ్లూ మనిషిని పేరు పెట్టి పిలవకూడదు కనక, మా అత్త కన్నకొడుకుని "తల్లీ" అని పిలిచింది. నీళ్లు తాగుతావా తల్లీ, శాంతించు తల్లీ. ఆ తల్లికి రాగిజావ కాచిందీ, పూటపూటకీ పంచెలు ఉతికిందీ, వేపరెమ్మతో వీపు నిమిరిందీ నేనే. అదీ ఉద్యోగం చేసొచ్చి. "కూర్చుని చేసే ఉద్యోగమే కదా నీది," అనేవాడు దినేష్, పడుకుని.

అమ్మవారున్న మనిషి పొయ్యి దగ్గరికి రాకూడదన్నది కూడా మా అత్త చెప్పిన పద్ధతే. నావి చెమటకాయలు ఎందుకయ్యాయో ఆ పొద్దున పొయ్యి ముందు నిలబడి ఉండగా తెలిసింది. నాకు అమ్మవారైతే ఈ పొయ్యి ఎవరు వెలిగిస్తారు?

ఒళ్లు కాలిపోతోందని దినేష్‌కి చెప్పాను. "చెమటకాయలకు గూడా లీవు పెడ్తావా? శుక్రవారం పర్మినెంట్ లెటర్ పెట్టుకుని?" అన్నాడు దుప్పటి లోంచే. ఆ మాటా నిజమే. ఆ కాగితం కోసం పదకొండు నెలలు కాచుకున్నాను. ఈ వారం ఒక్కరోజు రాకపోయినా ఇంకో ఆరు నెలలు ట్రైనీగానే ఉంచుతామన్నారు. గంధం పూసుకుని, మెడ దాకా పైట కప్పుకుని, ఆరింటి షిఫ్టుకి బయల్దేరాను.

మా ఆఫీసు మాదాపూర్‌లో, కొత్తగా లేచిన అద్దాల మేడల వెనక. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి మాట్లాడి పంపిన రికార్డింగులు హెడ్‌ఫోన్లో వింటూ, కాలి కింద పెడల్ నొక్కుతూ టైపు చేస్తాం. కిటికీ తెరవని ఏసీ హాలు. ఒక కుర్చీకి ఇద్దరం. రెండింటి దాకా నేను, రెండు దాటాక సెలీనా. అదే కీబోర్డు, చెవులకి అదే హెడ్‌ఫోన్.

మూడు వారాలుగా ఆ హాల్లో ఒకరి తర్వాత ఒకరికి పొక్కులు. ఒక్కరూ సెలవు పెట్టలేదు. రామచంద్రం ఏప్రిల్ ఎండల్లో నిండు చేతుల చొక్కా, రమ్య మొహం నిండా పౌడరు. అడిగితే అందరిదీ ఒకటే మాట, ఎలర్జీ. మా టీమ్ లీడర్ యశ్వంత్ నుదుటి మీద పొక్కులు మాడకుండానే వచ్చి, ఫైళ్ల డెలివరీ ఉంది, శుక్రవారం దాకా జర అడ్జస్ట్ కావాలె అన్నాడు. ఇంట్లో చెమటకాయలు, ఆఫీసులో ఎలర్జీ. అసలు పేరు మాత్రం మా అందరి వేళ్లకీ తెలుసు. చికెన్‌పాక్స్‌కి డాక్టర్లు వాడే పేరు, రోజుకి రెండుసార్లయినా టైపు చేస్తాం, వేరిసెల్లా అని. అందులో ఒక 'ఎల్' తగ్గితే యశ్వంత్ తప్పు పట్టి తిప్పి పంపుతాడు.

సెలీనాకి ఆరో నెల. పెళ్లయిన ఏడేళ్లకి నిలిచిన కడుపు. మంచం దిగొద్దని డాక్టరమ్మ అంటే మూడు వారాలు సెలవు పెట్టి నిన్ననే మళ్లీ వచ్చింది. ఆ సెలవుకి ఆమెకి ఇంకో ఆరు నెలలు ట్రైనీ పని రాసిపెట్టారు. చిన్నప్పుడు తనకి ఇలాంటి పొక్కుల జబ్బులేవీ రాలేదని, వాళ్లమ్మ గడప దాటనిచ్చేది కాదని ఎప్పుడో అన్నం తింటూ నాతో చెప్పింది. నిన్న నా కుర్చీలో కూర్చోబోతూ హాలంతా చూసి, "ఏందక్కా, అందరికి గిట్లయింది?" అని అడిగింది. అప్పటికే నా మెడ మీద రెండు లేచి ఉన్నాయి.

"ఎలర్జీ అంట," అన్నాను.

అందరూ అన్న మాటే కదా అని రాత్రంతా సర్దిచెప్పుకున్నాను. కానీ పోయిన నెల నేను టైపు చేసిన ఫైలొకటి మనసులోంచి పోలేదు. అక్కడెక్కడో ఒక కడుపుతో ఉన్నామె. పక్క సీటు మనిషికి ఈ జబ్బే వచ్చింది. నాలుగు రోజుల్లోపు ఫలానా సూది వేయాలన్నాడు డాక్టరు. వేయకపోతే తల్లికి, బిడ్డకి ఏమేమి కావచ్చో కూడా వరసగా చెప్పాడు. నేను పెడల్ వెనక్కి నొక్కి ఆ ముక్క మూడుసార్లు విన్నాను, స్పెల్లింగుల కోసం.

ఒంటిగంటన్నరకి చెవి పక్కన చురుక్కుమంది. హెడ్‌ఫోన్ తీసి చూస్తే స్పాంజి తడిగా ఉంది. పొక్కు చితికింది. గుడ్డ పెట్టి తుడిచేస్తే ఎవరికీ తెలియదు. సెలీనా రావడానికి అరగంట ఉంది, శుక్రవారానికి రెండు రోజులుంది. నా చెయ్యి గుడ్డ దాకా వెళ్లింది. మా అత్త నా మెడ మీంచి చూపు తిప్పుకున్నట్టే నేనూ ఆ స్పాంజి మీంచి తిప్పుకుంటున్నానని అప్పుడు తట్టింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

హెడ్‌ఫోన్ వైరు పీకేసి కవర్లో చుట్టాను. యశ్వంత్‌ని సెలవు ఫారం అడిగాను. "ఎలర్జీ అని రాయండి మేడం. నేను చూస్కుంట," అన్నాడు గొంతు తగ్గించి. కారణం గడిలో వేరిసెల్లా అని ఇంగ్లీషులో రాశాను, రెండు ఎల్లూ పెట్టి. ఇదేం పని, ఇగ అందరూ వెళ్లిపోతే డెలివరీ ఎవరు చేస్తారన్నాడు. ఆ కుర్చీలో ఇవాళ ఎవరినీ కూర్చోబెట్టొద్దని చెప్పి వచ్చేశాను.

సెలీనా కింద మెట్ల దగ్గరుంది, టిఫిన్ సంచితో. పైకి రావద్దని పై మెట్టు మీంచే చెప్పాను. జబ్బు పేరు చెప్పాను. నిన్న కూడా నాకు ఉన్నాయని చెప్పాను. ఆమె చెయ్యి తనంతట తనే పొట్ట మీదికి వెళ్లింది.

"నిన్న ఎలర్జీ అంటివి గదక్కా."

నాలుగు రోజుల్లోపు వేయాల్సిన సూది పేరు చెప్పాను. ఇంకా మూడు రోజులుందని, ఇప్పుడే దవాఖానకి వెళ్లమని బతిమాలాను. స్పెల్లింగ్ చెప్పమని అడిగి, అక్షరం అక్షరం అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. వెనక్కి తిరిగి చూడకుండా రోడ్డు మీదికి నడిచింది. ఆమె ఎక్కిన ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే ఉన్నాను.

బస్సులో ఎవరి పక్కనా కూర్చోకూడదని నేనూ ఆటో మాట్లాడుకున్నాను. మా వీధి మొదట్లో దిగి ఒక వేపమండ విరిచాను. నా ఇంటి గుమ్మానికి నేనే కట్టుకుంటుంటే మా అత్త బయటికి వచ్చింది. "ఎవురికే ఇది?" అంది. తెలిసే అడిగింది.

"నాకే అత్తా. అమ్మవారు వచ్చింది."

దినేష్ పడుకున్న చాపే పరుచుకుని కూర్చున్నాను. సాయంత్రం వంట సంగతేమిటని ఆమె గొణిగింది. నేను పొయ్యి దగ్గరికి రాకూడదు కదా అన్నాను, దాహంగా ఉంది, నీళ్లు కావాలన్నాను. చాలాసేపు నా మెడ మీంచి మొహం మీదికి పాకిన పొక్కులు చూస్తూ నిలబడి, చివరికి చెంబుతో తెచ్చింది.

"ఇందా భార్గవీ," అంది.

నేను చెయ్యి చాపలేదు.

"పేరు పెట్టి పిలవకూడదు అత్తా," అన్నాను. "తల్లీ అనాలి."