రాంప్రసాద్ పదో ఏడు

బిలాస్‌పూర్ తార్‌బహార్ పేటలో, స్టేషన్ వైపు వెళ్ళే సందులో ఉన్న రాంప్రసాద్ ఇంట్లో పొద్దు పొడిచినా ఫోన్ మోగినా ఒకటే. ఏది ముందైతే దాంతో రోజు మొదలవుతుంది. అతను గూడ్సు బండి లోకో పైలట్. బొగ్గు బండికి ఆదివారం తెలీదు, పండగ తెలీదు. డ్రైవర్లను డ్యూటీకి పిలిచే లాబీ నుంచి కాల్ వచ్చిందంటే రెండు గంటల్లో బ్యాగు భుజాన వేసుకుని అక్కడ ఉండాలి. అందుకని ఆ ఇంట్లో ఫోన్‌కి జరిగే మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. స్నానానికి వెళ్తే బాత్రూం కిటికీలో, అన్నానికి కూర్చుంటే కంచం పక్కన, పడుకుంటే దిండు కింద దానికి చోటుంటుంది.

వాళ్ళ నాన్న సన్యాసిరావు కూడా డ్రైవరే గానీ ఆ కాలం వేరు. కాల్‌మ్యాన్ సైకిలు మీద పుస్తకం పట్టుకుని వచ్చేవాడు. కిటికీ ఊచ మీద టకటకా కొట్టి, "సన్యాసిరావ్‌జీ, బారా బజే కా కాల్" అని చెప్పి, సంతకం పెట్టించుకుని వెళ్ళేవాడు. అతను వచ్చేదాకా మనిషి ఇంటివాడు. మధ్యలో వచ్చి పట్టుకునే దారి రైల్వేకి కూడా ఉండేది కాదు. అలాంటి ఒక ఖాళీ మధ్యాహ్నమే సన్యాసిరావు వెనక వసారా ఎర్రగచ్చు మీద మేకుతో అష్టాచెమ్మా గడులు చెక్కాడు. నిలువున అయిదు, అడ్డంగా అయిదు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. గడులు చెక్కుచెదరలేదు.

ఆ గడుల దగ్గర ఆటకి కూర్చున్న పెద్దవాళ్ళు చిన్నపిల్లలైపోతారు. ఎవరి చిన్నతనం ఏ వయసులో ఆగిపోయిందో ఆ వయసుకి వెళ్తారు. అప్పటికి తెలిసినదే తెలుస్తుంది, తర్వాతది ఏదీ గుర్తుండదు. ఒకరి కాయలన్నీ నడిగడిలో పండి ఆట ముగిసిందా, మళ్ళీ ఎవరి వయసుకి వాళ్ళు వచ్చేస్తారు. మధ్యలో లేచిపోవడానికి మాత్రం లేదు.

రాంప్రసాద్ తల్లి అప్పలకొండకి అరవై ఏడేళ్ళు. పక్కింటి రిటైర్డు గార్డు చంద్రమౌళితో రోజూ మధ్యాహ్నం ఒక ఆట వేస్తుంది. ఆమె పదకొండేళ్ళ పిల్లవుతుంది. పదకొండో ఏటే తల్లి పోయి, తమ్ముళ్ళకి వండిపెట్టే పని ఆమె మీద పడింది మరి. చంద్రమౌళికి పద్నాలుగు. అప్పటిదాకా "అప్పా" అని గౌరవంగా పిలిచే మనిషి, గవ్వలు చేతికి రాగానే "ఒలే, తొండి సేస్తన్నావే!" అని ఆమె జడ లాగుతాడు. ఒకసారి పోస్టుమ్యాన్ రిజిస్టర్డు ఉత్తరం తెచ్చాడు. చీర మూడు చుట్లు చుట్టుకుని కూర్చున్న పిల్లని చూసి, "సంతకం కలవదమ్మా, ఆటయ్యాక వస్తాను" అని సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. రాంప్రసాద్ భార్య శ్వేత కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఒక్కసారి కూర్చుంది. పదిహేనుకి వెళ్ళి ఆగింది. పదో తరగతి పరీక్షల తర్వాత తనెప్పుడూ ఆడుకోలేదని ఆమెకి ఆ రోజే లెక్క తేలింది.

రాంప్రసాద్ ఒక్కడే ఎన్నడూ కూర్చోలేదు. ఆట మధ్యలో కాల్ వస్తేనో?

అతని కూతురు తేజస్వికి పదేళ్ళు. లాక్‌డౌన్‌లో క్లాసుల కోసం కొన్న ట్యాబ్ ఆమె చేతికి వచ్చింది, మళ్ళీ దిగలేదు. అందులో ఆమె ఆడే ఆట ఏమిటంటారా, రైలు నడపడం. తండ్రి రెండు రోజులు బండి నడిపి, కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని ఇంటికొస్తాడు. కూతురు ఇంకో బండి నడుపుతూ తల ఎత్తదు. శ్వేత బోద్రీ కోర్టులో స్టెనో. సాయంత్రం స్కూటీ దిగాక కూడా మిగిలిన టైపింగ్ ల్యాప్‌టాప్‌లో పూర్తి చేసుకుంటుంది. ముగ్గురూ ఒకే గదిలో ఉంటారు, మూడు వెలుగులు మూడు మొహాల మీద. అప్పలకొండ గుమ్మంలో నిలబడి, "ఈ ఇంట్లో మనుసులున్నారా?" అని గోడని అడుగుతుంది.

ఏప్రిల్‌లో ఒకరోజు రాంప్రసాద్ రాయ్‌గఢ్ నుంచి కూతురికి ఇష్టమని జామకాయలు తెచ్చాడు. "తేజూ, చూడు ఏటి తెచ్చానో!" అన్నాడు.

"నాన్నా, ఏక్ మినిట్."

ఆ నిమిషం నలభై నిమిషాలైంది. తను ఫోన్ చేతిలో పట్టుకుని ఆ పిల్లతో ఎన్నిసార్లు ఆ మాటే అన్నాడో అతనికి గుర్తు రాలేదు. మనకి మన మాట గుర్తుండదు, ఎదుటివాళ్ళ మాటే గుచ్చుకుంటుంది. అతనికి బాగా గుచ్చుకుంది. జామకాయల సంచీ అక్కడే పెట్టి, "దీన్ని హాస్టల్లో వేసేద్దాం" అన్నాడు శ్వేతతో.

విశాఖ దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూలు. గేటు లోపల ఫోన్ అన్నది ఉండదు. నెలకోసారి పది నిమిషాలు ఇంటికి మాట్లాడనిస్తారు. "నన్నూ తొమ్మిదో ఏట విజయనగరం హాస్టల్లో వేశారు. ఏడ్చానా? ఆ హాస్టలే నన్ను మనిషిని చేసింది" అన్నాడు. ఈ ముక్క అతను పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాడు. అప్పలకొండ విని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎప్పుడూ ఆటలే, చదువు వంటబట్టడం లేదని ఆ రోజుల్లో వాణ్ణి పంపిన మాట నిజమే. వాడు నవ్వుతూ రైలెక్కిన మాటా నిజమే. ఇష్టంగానే వెళ్ళాడని ఇన్నేళ్ళూ ఆమె తనకి తాను చెప్పుకుంటూ వచ్చింది.

జూన్‌లో ప్రయాణం సోమవారమని ఖాయమైంది. దింపి రావడానికి రాంప్రసాద్ మూడు రోజులు సెలవు పెట్టాడు. ఆదివారం ఉదయం శ్వేత ట్యాబ్‌ని బీరువాలో పెట్టి తాళం వేసింది, తేజస్వి బట్టలు పెట్టెలో సర్దింది. మధ్యాహ్నం తేజస్వి మూతి ముడుచుకుని వెనక వసారాలో కూర్చుంది. చంద్రమౌళి ఏదో పెళ్ళికి వెళ్ళాడు. అప్పలకొండ వంటింట్లో మనవరాలి కోసం చేగోడీలు చుడుతోంది.

"మామ్మా, ఆవోనా. ఒక్క గేమ్."

"సేతులనిండా పిండేనమ్మా." ఆమె కొడుకు వైపు చూసింది. "ఒరే, నా బదులు నువ్వు కూకో."

"నేనా? కాల్ వస్తే?"

"లీవులో ఉన్నారు కదండీ, కాల్ ఏంటి? ఇలా ఇవ్వండి" అని శ్వేత ఫోన్ లాక్కుంది.

చేతిలో ఫోన్ లేకపోయేసరికి ఆ చేతిని ఏం చేసుకోవాలో రాంప్రసాద్‌కి తెలియలేదు. వెళ్ళి గవ్వలు అందుకున్నాడు.

అప్పలకొండ వంటింటి గుమ్మంలోంచి చూసింది. లుంగీ కుప్పలో తొమ్మిదేళ్ళ కుర్రాడు. పక్క పన్ను ఒకటి ఊడి ఉంది. తల నున్నగా కత్తిరించి ఉంది. ఆ క్షవరం ఆమెకి తెలుసు. హాస్టల్ వాళ్ళు జుట్టు పొట్టిగా ఉండాలన్నారని, రైలెక్కించే ముందు రోజు సన్యాసిరావు దగ్గరుండి చేయించిన క్షవరం అది. ఆమె పిండి చేతులు తుడుచుకుని, పాత పెట్టె అడుగున దాచుకున్న గళ్ళ చొక్కా, నిక్కరూ తెచ్చి ఇచ్చింది. వాడు తల్లి వైపు చూసి ఊడిన పన్నుతో నవ్వి, చొక్కా తొడుక్కున్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆపేసింది. చేగోడీలు చుట్టే ఓపిక ఇంక లేకపోయింది.

"నీ పేరేటి?" అని అడిగాడు కుర్రాడు తేజస్విని.

"తేజస్వి. తుమ్హారా?"

"రాంపెసాదు. ముందు నాదే పందెం. అష్టా పడిందంటే నీ పని ఖతం."

పడింది కూడా. వాడి ఆట చూడాలి. గవ్వలు గుప్పిట్లో గలగలలాడించి, నోటితో ఇంజన్ కూత వేసి విసిరేవాడు. తేజస్వి కాయ రెండుసార్లు చచ్చింది. మూడోసారి ఆమె వాడి కాయని చంపి, వసారా అదిరేలా అరిచింది. "తొండి! తొండి!" అని వాడు గచ్చు మీద పొర్లాడు. ల్యాప్‌టాప్ ముందున్న శ్వేత ఆ అరుపుకి లేచొచ్చి, తలుపుకి ఆనుకుని అక్కడే ఉండిపోయింది. తన కూతురు అంత గట్టిగా అరవగలదని ఆమెకి తెలీదు.

నాలుగు గంటలయ్యేసరికి ఇద్దరికీ ఒక్కో కాయ మిగిలింది. ఇద్దరికీ కావలసింది ఒకటి. ఒక గవ్వ వెల్లకిలా పడితే చాలు, కాయ పండి ఆట ముగుస్తుంది. కానీ పడదే! వాడు వేస్తే రెండు, ఈమె వేస్తే మూడు. వాడికి చెమ్మా, ఈమెకి అష్టా. గంట గడిచింది. ఎండ వసారా దాటి పెరటి గోడెక్కింది.

అప్పుడే ఫోన్ మోగింది. లాబీ నుంచి రమణమూర్తిగారు. "సెలవులో ఉన్నాడని తెలుసమ్మా, కానీ కోర్బా బండికి మనిషి లేడు. ఒక్కసారి ఫోన్ ఇస్తావా?"

"ఆయన ఆటలో ఉన్నారండీ" అంది శ్వేత.

"అచ్ఛా! ఎంత వయసుకెళ్ళాడు?"

"తొమ్మిది."

"తొమ్మిదేళ్ళ గుంటడికి బొగ్గు బండి ఎలాగిస్తామమ్మా? ఆడుకోనీ. ఇంకొకళ్ళని చూసుకుంటాను."

వసారాలో తేజస్వి గవ్వలు పట్టుకుని కుర్రాడి మొహంలోకి చూసింది. "నువ్వు కావాలనే ఒకటి పడకుండా వేస్తున్నావ్."

"నువ్వూ అంతే కదా."

ఆమె నవ్వి గవ్వలు కింద పెట్టింది. వాడు గచ్చు మీద గీతల్ని వేలితో రుద్దాడు. "ఆట అయిపోతే పెట్టి సర్దీసుకోవాల. రేపు నన్ను ఆస్టల్‌కి పంపించేస్తారు."

"ముఝే భీ. రేపే."

"నీకిష్టమేటి?"

"లేదు. నీకు?"

వాడు తల అడ్డంగా ఊపాడు. "నాన్న క్షవరం సేయించి డూటీకి ఎల్లిపోయాడు, బండెక్కే టైముకి వస్తాడు. అమ్మకి సెప్తే ఏడుస్తాది. అందుకే సెప్పలేదు. రైలు కదిలేదాకా నవ్వుతూనే ఉంటాను, తర్వాత బాత్రూంలోకి ఎల్లి ఏడుస్తాను. నువ్వూ అలగే సెయ్యి. ఎవరికీ తెల్దు."

గుమ్మంలో నిలబడ్డ అప్పలకొండ ఆ మాటలన్నీ వింది. ముప్పై మూడేళ్ళు. నవ్వుతూ వెళ్ళాడు, నవ్వుతూ వెళ్ళాడు అని ఊరందరికీ చెప్పుకుంది. మెల్లగా వచ్చి వాడి పక్కన కూలబడింది. పొట్టి జుట్టు మీద చెయ్యి వేస్తే అరచేతికి గరగరలాడింది.

"నువ్వెక్కడికీ ఎల్లొద్దు నాయినా. పెట్టి సర్దొద్దు."

వాడు నమ్మలేనట్టు చూశాడు. "మరి నాన్న?"

"నాన్నకి నాను సెప్తాను."

"నిజంగా?"

"నిజం."

"ఈ అమ్మాయి?"

అప్పలకొండ మనవరాలి వైపు చూసింది. "ఈ గుంట కూడా ఎల్లదు."

కుర్రాడు గవ్వలు తీసుకున్నాడు. ఈసారి కూత వెయ్యలేదు. ఊరికే వదిలాడు. మూడు బోర్లా, ఒకటి వెల్లకిలా. కాయని నడిగడిలోకి జరిపాడు.

గళ్ళ చొక్కా భుజాల దగ్గర పర్రుమని చిరిగింది. నలభై రెండేళ్ళ రాంప్రసాద్ లుంగీ బిగించుకుని, ఆ పీలికలతోనే తల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఆటలో అన్న మాటలన్నీ అతనికి గుర్తున్నాయి. కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"అప్పుడే ఒక్క మాట అడిగి ఉండాల్సిందమ్మా" అన్నాడు.

"నువ్వూ సెప్పలేదు, నానూ అడగలేదు" అంది అప్పలకొండ. "తప్పు నాదేరా. పెద్దదాన్ని నాను."

అతను కూతురి వైపు తిరిగాడు. ఫారం నింపాడు, పెట్టె కొన్నాడు, టికెట్టు తీశాడు. ఈ పిల్లని మాత్రం ఒక్క మాట అడగలేదు. "తేజూ, వెళ్ళాలనుందా నీకు?"

"నహీ నాన్నా." అంతవరకూ బాగానే ఉన్న పిల్ల బావురుమంది. అతను దగ్గరికి తీసుకుని, తనూ ఏడ్చాడు. బాత్రూంలోకి వెళ్ళలేదు.

సోమవారం ఆ బండి వాళ్ళు లేకుండానే విశాఖ వెళ్ళింది.

ట్యాబ్ ఎక్కడికీ పోలేదు, ఫోనూ పోలేదు. డ్యూటీ డ్యూటీయే. కాకపోతే రాంప్రసాద్ ఇంటికొచ్చినప్పుడు కూతురి పక్కన చేరి, "పసుపు సిగ్నల్ దగ్గర ఇంత స్పీడేటే? నా ఉద్యోగం ఊడిపోను!" అని బ్రేకు ఎక్కడ వెయ్యాలో చూపిస్తున్నాడు. "నువ్వే నడుపు మరి" అని ఆమె ఇస్తే, తెర మీద బండిని పట్టాలు తప్పించి ఇంటిల్లిపాదినీ నవ్విస్తున్నాడు. రెస్టు రోజుల్లో మధ్యాహ్నం ఫోన్ శ్వేతకిచ్చి వసారాలోకి వెళ్తున్నాడు.

రెండోసారి అతను ఆటకి కూర్చున్న రోజున అప్పలకొండ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్క పన్ను మొలిచింది. జుట్టు పెరిగి నుదుటి మీదికి పడింది. పొడవు కూడా సాగాడు. ఆ ఈడులో ఉన్న కొడుకు ఆ ఇంట్లో తిరగగా ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ ఏడంతా వాడు విజయనగరంలో ఉన్నాడు. వాడు తండ్రి చొక్కా వేసుకున్నవాడిలా చేతులు మడుచుకుంటూ, "అమ్మా, నాకు సరిపోయేది నేదా?" అని అడిగాడు.

ఆమె చెప్పులేసుకుని సందు చివర శివాజీ రెడీమేడ్ దుకాణానికి గబగబా నడిచింది.

"ఎవరికి పిన్నీ?" అన్నాడు శివాజీ, చొక్కాల అట్టపెట్టెలు కిందికి దించుతూ.

"మా రాంపెసాదుకి."

"ఏ వయసుకిమ్మంటావు?"

"పదికి" అంది అప్పలకొండ. "ఒక సైజు వదులుగానే ఇయ్యి బాబూ. ఎదిగే గుంటడు."